పుంటికూర పప్పా... గుత్తి వంకాయా?

దౌల్తాబాద్ అనగానే చాలామందికి తుగ్లక్ గుర్తొస్తాడు. 1327లో ఢిల్లీని వదిలి రాజధానిని తరలించింది మహారాష్ట్రలోని దౌల్తాబాద్‌కి. మనం వెళ్తున్నది వికారాబాద్ జిల్లాలోని దౌల్తాబాద్‌కి. కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న మండల కేంద్రం. ఇక్కడ చెప్పుకోదగ్గ కోట లేదు కానీ చెప్పుకోదగ్గ భోజనం ఉంది. పళ్లెంలో జొన్నరొట్టె. పక్కన రెండు గిన్నెలు... ఒకదాంట్లో పుంటికూర పప్పు, ఇంకోదాంట్లో నూనె తేలుతున్న గుత్తి వంకాయ. రెండింట్లో ఒంటికి ఏది మంచిది? చిన్న ప్రశ్నే. జవాబు మాత్రం అంత చిన్నది కాదు!

మర్రిచెట్ల దారిలో...

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే మొయినాబాద్ దాటినప్పటి నుంచే మర్రిచెట్లు పలకరిస్తాయి. రెండు పక్కలా ఊడలు దిగిన ఆ చెట్లను రోడ్డు విస్తరణ నుంచి కాపాడాలని పర్యావరణ ప్రేమికులు ఏళ్ల తరబడి పోరాడారు. చేవెళ్ల, మన్నెగూడ, పరిగి దాటితే కొడంగల్. అక్కడి వేంకటేశ్వరస్వామిని దర్శించుకుని పక్కదారి పడితే దౌల్తాబాద్ వైపు వెళ్తాం.

పరిగి దాటాక నేల రంగు మారుతూ ఉంటుంది. కాసేపు ఎర్రనేల, కాసేపు నల్లరేగడి. నేల కింద సున్నపురాయి పొరలు. ఇళ్ల ముందు అరుగుల మీదా, లోపల గచ్చు మీదా కనిపించే నున్నటి బండలు ఈ ప్రాంతానివే. ఊరూరా మనం షాబాద్ బండలనీ, తాండూరు నాపరాళ్లనీ పిలుచుకునేవి ఇవే. ఇదే నేల మీద పండే ఇంకో సరుకు కంది. వానాకాలం మొదట్లో విత్తితే కార్తీకంలో చేలు పసుపుపచ్చని పూతతో కళకళలాడతాయి. సంక్రాంతి అటూ ఇటూగా కోతలు. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడి కందిపప్పు తొందరగా ఉడుకుతుందనీ, రుచి వేరనీ వ్యాపారులకు ఎప్పటి నుంచో తెలుసు. ఇప్పుడు కాగితం మీద ముద్ర కూడా పడిందన్నమాట.

ఒక్క కూర... మూడు పేర్లు

ముందు వంకాయ సంగతి చూద్దాం. వంకాయను పొగిడే చాటు పద్యం వినని తెలుగువాళ్లు తక్కువ. దౌల్తాబాద్ వైపు ఆ వంకాయకు ఇంకో ఘనత కూడా ఉంది. లేత కాయల్ని నాలుగు పక్షాలుగా చీల్చి, వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి, ఎల్లిపాయ కలిపి నూరిన ముద్దను కూరి, చింతపండు పులుసు పోసి నూనెలో మగ్గిస్తే అది గుత్తి వంకాయ. హైదరాబాద్ విందుల్లో బిర్యానీ పక్కన దాని దగ్గరి చుట్టం పేరు బగారా బైంగన్. సరిహద్దు దాటి కలబురగి వైపు వెళ్తే, జొన్నరొట్టెకు జోడుగా వడ్డించే ఇదే తరహా కూర ఎణ్ణెగాయి... అంటే నూనె కాయ.

ఈ చుట్టరికం ఊరికే రాలేదు. హైదరాబాద్ రాష్ట్రం ఉన్న రోజుల్లో కొడంగల్, తాండూరు తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. 1956లో భాషా ప్రాతిపదికన రాష్ట్రాల్ని విడదీసినప్పుడు కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాలోకీ, తాండూరు హైదరాబాద్ జిల్లాలోకీ వచ్చాయి. 2016లో జిల్లాల్ని మళ్లీ విభజించినప్పుడు దౌల్తాబాద్ మండలం మహబూబ్‌నగర్ నుంచి వికారాబాద్ జిల్లాకు మారింది. పటంలో గీతలు ఎన్నిసార్లు మారినా పొయ్యి మీది గిన్నె మారలేదు!

గట్టు మీది ఆకు

ఇక రెండో గిన్నె. కోస్తా వాళ్లు గోంగూర అని మురిసిపోయే ఆకే తెలంగాణలో పుంటికూర. ప్రత్యేకంగా మడి కట్టి పెంచనక్కర్లేదు. చేను గట్టు వెంబడి నాలుగు గింజలు చల్లితే చాలు, వానలకు అదే లేచి నిలబడుతుంది. కందిపప్పు ఉడుకుతుండగా ఆకు తుంచి వేసి, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ కలిపి, పప్పుగుత్తితో మెదిపి, ఎల్లిపాయ పోపు పెడితే వంట అయిపోయినట్టే. చింతపండు కూడా అక్కర్లేదు. పులుపు ఆకులోనే ఉంది.

పుంటికూర ఒక్కటే కాదు. వానలు పడగానే తెలంగాణ చేలల్లో విత్తకుండానే మొలిచే ఆకుకూరలు బోలెడు. గంగవాయిలి, దొగ్గలి, చెంచలి, పొన్నగంటి... వినాయక చవితికి తప్పనిసరిగా వండుకునే తుమ్మికూర కూడా ఈ కోవలోదే. కలుపు తీయడానికి వెళ్లిన ఆడవాళ్లు సాయంత్రానికి ఒడినిండా కూర తెచ్చుకునేవాళ్లు. కలుపు మందులు కొట్టే చేలల్లో ఆ ఒడి ఇప్పుడు ఖాళీ. మందుకు ఏది కలుపో, ఏది కూరో తెలియదు కదా!

లెక్క చూద్దాం...

ఏ కూరలో ఎంత బలముందో చెప్పడానికి మనకు దూరం వెళ్లే పని లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా చేస్తున్న పని అదే. 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అక్కడి డాక్టర్ సి. గోపాలన్ బృందం 1971లో తెచ్చిన ఆహార విలువల పట్టికలు దేశంలో పోషకాహారం చదువుకున్న ప్రతి ఒక్కరి చేతుల్లోనూ నలిగాయి. ఆ సంస్థ 2017లో కొత్త పట్టికలు కూడా తెచ్చింది.

పాత పట్టికల్లోని అంకెలతోనే మన రెండు గిన్నెల్నీ తూకం వేద్దాం. నలుగురున్న ఇల్లు అనుకుందాం. పప్పుకు 150 గ్రాముల కందిపప్పు, 250 గ్రాముల పుంటికూర, 30 గ్రాముల నూనె. వంకాయకు అరకిలో కాయలు, 50 గ్రాముల పల్లీలు, 25 గ్రాముల నువ్వులు, 60 గ్రాముల నూనె. ఎండు కొబ్బరి కొద్దిగానే వేస్తారు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. ఒక్కొక్కరి వాటాకు వచ్చేది సుమారుగా ఇదీ...

పుంటికూర పప్పు: 228 కేలరీలు, మాంసకృత్తులు 9.4 గ్రాములు, కాల్షియం 135 మిల్లీగ్రాములు, ఇనుము 2.4 మిల్లీగ్రాములు, కెరోటిన్ 1,800 మైక్రోగ్రాములు.

గుత్తి వంకాయ: 271 కేలరీలు, మాంసకృత్తులు 6 గ్రాములు, కాల్షియం 124 మిల్లీగ్రాములు, ఇనుము 1.4 మిల్లీగ్రాములు, కెరోటిన్ 90 మైక్రోగ్రాములు.

ఇవి పచ్చి సరుకుల లెక్కలు. నేలను బట్టి, రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి. అయినా తీర్పు స్పష్టంగానే ఉంది కదా. పప్పు గెలిచింది! కంటిచూపుకు కావల్సిన కెరోటిన్ విషయంలోనైతే పోటీయే లేదు. ఏకంగా ఇరవై రెట్లు. నూనె కూడా పప్పులో సగమే. వంకాయలో ఒక్కొక్కరి వాటా 15 గ్రాములు. రోజు మొత్తానికి కొవ్వులు, నూనెలు 27 గ్రాములు చాలని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే సగానికి పైగా ఒక్క కూరలోనే అయిపోతుంది.

ఓడింది వంకాయ... కూర కాదు

ఆగండి. ఇదే వంకాయను మసాలా లేకుండా ఉట్టి వేపుడు చేశామనుకోండి. అరకిలో కాయలు, అంతే నూనె. అప్పుడు ఒక్కొక్కరికి దక్కే మాంసకృత్తులు 2 గ్రాములు కూడా ఉండవు. కాల్షియం 22 మిల్లీగ్రాములు. ఇనుము అర మిల్లీగ్రాము. ఎక్కువగా ఉండేది నూనె తాలూకు కేలరీలే.

అంటే గుత్తి వంకాయలో కనిపించిన బలమంతా ఎవరిది? పల్లీలది, నువ్వులది! 100 గ్రాముల నువ్వుల్లో 1,450 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో చాలాభాగం పొట్టులోనే. పొట్టుతో పాటు ఉండే ఆక్సలేట్ల వల్ల అంతా ఒంటికి పట్టదు గానీ, పట్టినంత మేలే. వంకాయకూ తన వంతు ఉంది. పీచు ఇస్తుంది, ముదురు ఊదా తొక్కలో మేలు చేసే రంగు పదార్థాలు ఉంటాయి. అన్నిటికీ మించి, నాలుగు చెంచాల పల్లి ముద్దను ఇంటిల్లిపాదీ ఇష్టంగా తినేలా చేస్తుంది. ఇదీ చిన్న సాయమేం కాదు.

పప్పు గెలుపు కూడా ఒక్క ఆకుది కాదు. మాంసకృత్తుల్లో పదింట తొమ్మిది వంతులు కందిపప్పు ఇచ్చినవే. ఆకు ఇచ్చింది కెరోటిన్, కాల్షియం, సగానికి పైగా ఇనుము. కాబట్టి కూరగాయను చూసి కూరను అంచనా కట్టడం తప్పు. దాంతో పాటు గిన్నెలో ఏం పడిందో చూడాలి. గిన్నె పక్కన ఏముందో కూడా చూడాలి.

జొన్నరొట్టె చెప్పిన కథ

గిన్నె పక్కన ఉన్నది జొన్నరొట్టె. దాని వెనక ఒక చేదు చరిత్ర ఉంది. ఒకప్పుడు దక్కన్ పీఠభూమిలో జొన్నే ప్రధాన ఆహారంగా బతికిన పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లగా, గరుకుగా మారి పొరలు లేచేది. విరేచనాలు, మతి తప్పడం... ముదిరితే ప్రాణం పోయేది. బి విటమిన్లలో ఒకటైన నియాసిన్ కొరతతో వచ్చే జబ్బు ఇది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీదే బతికిన పేదల్ని ఇది పీడించింది. ఆ జబ్బు అంటువ్యాధి కాదు, తిండి లోపమని డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అక్కడ నిరూపించారు.

మరి జొన్న తినేవాళ్లకు ఎందుకు వస్తోంది? డాక్టర్ గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠియా 1960లో దీనికో వివరణ ఇచ్చారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం వల్ల ఒంట్లో నియాసిన్ వ్యవహారం తారుమారవుతోందన్నారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత ఎంతో చర్చ జరిగింది. ఒక విషయం మీద మాత్రం భేదాభిప్రాయం లేదు. ఉట్టి రొట్టె, కారం ముద్దతో పూట గడుపుకున్నవాళ్లకే ఆ జబ్బు ముప్పు. జొన్నది దోషం కాదు, జోడు లేకపోవడమే దోషం.

ఇప్పుడు మన వంకాయ గిన్నె వైపు మళ్లీ చూడండి. 100 గ్రాముల పల్లీల్లో 20 మిల్లీగ్రాముల దాకా నియాసిన్ ఉంటుంది. వేయించినా అంతగా పోదు. గుత్తి వంకాయలో మనిషి వాటాకు వచ్చే పల్లీలతోనే రెండున్నర మిల్లీగ్రాములు అందుతుంది. ఇది రోజు అవసరంలో ఇంచుమించు ఐదో వంతు! కందిపప్పు చేసే మేలు ఇంకోటి. జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ కందిపప్పులో దండిగా ఉంటుంది. కందిపప్పులో కొరవడే మిథియోనిన్ నువ్వుల్లో ఉంటుంది. ఈ పేర్లేవీ తెలియకుండానే మన అవ్వలు ఒకే పళ్లెంలో వీటన్నిటినీ కలిపారు.

1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక పేదల పళ్లెంలో అన్నం పెరిగింది. 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో సన్నబియ్యమే ఉచితంగా ఇస్తున్నారు. కడుపు నిండటం గొప్ప సంగతే. అయితే పాలిష్ పట్టిన బియ్యంలో జొన్నలో ఉన్నంత ఇనుము, పీచు ఉండవు. అందుకే అన్నం పెరిగిన ఇంట్లో పక్క గిన్నె బాధ్యత ఇంకా పెరుగుతుంది.

ఇనుము ఉంది... అందుతోందా?

అసలు సమస్య ఇక్కడే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. అయిదేళ్లలోపు పిల్లల్లోనైతే 70 శాతం! ఆకుకూరలకు కొదవలేని రాష్ట్రంలో ఇదేం పరిస్థితి?

సమాధానం కొంత గిన్నెలోనే ఉంది. మహిళలకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్కకట్టింది. మన తరహా భోజనంలోని ఇనుములో ఒంటికి పట్టేది 8 శాతమే అన్న అంచనా మీద వేసిన లెక్క అది. అంటే పుంటికూర పప్పులో ఉన్న 2.4 మిల్లీగ్రాముల్లో రక్తంలోకి చేరేది 0.2 మిల్లీగ్రాములే. ఆకులోని ఆక్సలేట్లు, పప్పులోని ఫైటేట్లు, తిన్న వెంటనే తాగే చాయ్‌లోని టానిన్లు... ఇవన్నీ ఇనుమును పట్టుకుని వదలని దొంగలు!

ఆ దొంగల్ని అదిరించేది సి విటమిన్. పుంటికూరలో అది కొంత ఉన్నా పొయ్యి మీద చాలావరకు ఆవిరైపోతుంది. కాబట్టి పైనుంచి ఇవ్వాలి. దించాక పిండిన నిమ్మచెక్క, భోజనంతో పాటు ఓ జామకాయ... ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంటుంది. ఇనుప కడాయి కూడా పనికొచ్చేదే. పులుపున్న కూరను అందులో వండితే పాత్రలోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. పుంటికూర కాస్త నల్లబడుతుంది. రంగు పోయిందని బాధపడకండి!

ఆఖరి పళ్లెం

లెక్కలన్నీ నలుగురికీ సమానంగా పంచినట్టు వేశాం. నిజంగా అలా పంచే ఇళ్లు ఎన్ని? ముందు పిల్లలు, తర్వాత మగవాళ్లు, ఆఖర్న వండిన మనిషి. అప్పటికి పప్పు గిన్నెలో మిగిలేది అడుగునున్న పలుచటి నీళ్లు. గుత్తి వంకాయలో కాయలు అయిపోయి రసం మిగులుతుంది. రొట్టెలు చాలకపోతే పచ్చడితోనో, ఎల్లిపాయ కారంతోనో సరి. పట్టికలో పుంటికూర పప్పు గెలిచినా, గరిటె అందని మనిషి విషయంలో అది ఓడినట్టే.

తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గురించి ఇక్కడ చెప్పుకోవాలి. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం పెట్టాలన్నది దాని ఉద్దేశం. అన్నం, పప్పు, ఆకుకూరలతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. సరుకులు ఇంటికి ఇస్తే ఆమె వాటా ఆమెకు దక్కుతుందో లేదో! కేంద్రంలో కూర్చుని తింటే ఆ పళ్లెం కచ్చితంగా ఆమెదే. పోషకాహారంలో ఇంతకంటే ముఖ్యమైన పాఠం లేదు. కూరలో ఏముందన్నది ఎంత ముఖ్యమో, అది ఎవరి పళ్లెంలో పడిందన్నదీ అంతే ముఖ్యం.

మరి చివరికి తీర్పేమిటి? వారంలో ఎక్కువ రోజులు పుంటికూర పప్పు. ఒకటి రెండు రోజులు, నూనె సగానికి తగ్గించి, పల్లీలు నువ్వులు తగ్గించకుండా గుత్తి వంకాయ. రోజుకో వంద గ్రాముల ఆకుకూర ప్రతి ఒక్కరికీ అందేలా చూసుకోవాలి. వండిన చేతికి కూడా అందరితో పాటే వడ్డించాలి.

వంటింట్లో గుర్తుంచుకోండి

* ఆకును కడిగాకే తుంచండి. తుంచాక కడిగితే సి విటమిన్, బి విటమిన్లు నీళ్లతో పోతాయి.
* పప్పును నానబెట్టి ఉడికిస్తే ఫైటేట్లు కొంత తగ్గుతాయి. తొందరగా ఉడకాలని సోడా వేయొద్దు. బి1 విటమిన్ దెబ్బతింటుంది.
* ఆకుకూరలో కొద్దిగానైనా నూనె ఉండాలి. లేకపోతే కెరోటిన్ ఒంటికి పట్టదు.
* వంకాయ తొక్క తీయొద్దు. మూతపెట్టి సన్నటి సెగ మీద మగ్గిస్తే తక్కువ నూనె సరిపోతుంది.
* భోజనానికీ చాయ్‌కీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి.

ఇలా వెళ్లొచ్చు

హైదరాబాద్ నుంచి చేవెళ్ల, పరిగి మీదుగా కొడంగల్ చేరుకుని అక్కడి నుంచి దౌల్తాబాద్ వెళ్లొచ్చు. రైల్లో అయితే సికింద్రాబాద్-వాడి మార్గంలో తాండూరులో దిగి, కొడంగల్ మీదుగా రోడ్డు పట్టాలి. దారిలో వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్ని చూడొచ్చు. మూసీ పుట్టింది అక్కడే. వానాకాలం చివర్లో వెళ్తే గట్ల మీద పుంటికూర, కార్తీకంలో వెళ్తే కంది పూత కనిపిస్తాయి. సంక్రాంతి తర్వాత వెళ్తే కొత్త కందిపప్పు కొనుక్కుని రావచ్చు.